పోపు పెట్టని పప్పు

లైడెన్‌లో దిగిన మూడో రోజుకే నాకు ఒక డచ్చి మాట వచ్చేసింది. ‘స్నెర్ట్’. పొద్దున్నే కిటికీ తెర పక్కకి లాగి మా అమ్మాయి “స్నెర్ట్ వేర్!” అని విసుక్కుంది. వేర్ అంటే వాతావరణమట, స్నెర్ట్ అంటే పనికిమాలినదట. బయటికి చూద్దును కదా, వానా కాదు, మంచూ కాదు, రెండిటికీ మధ్య రకం తుంపర గాలికి అడ్డంగా కొట్టుకుపోతోంది. ఎనిమిదిన్నరైనా సరిగ్గా తెల్లవారలేదు. ఆ మాట ఆ పూటకి బాగానే అతికిందనిపించింది.

తమాషా ఏమిటంటే, అదే మాట ఆ దేశంలో ఒక వంటకానికి కూడా పేరు. పచ్చ బఠాణీ పప్పుతో చేసే చిక్కటి సూపు అది. హోటళ్ళలో మర్యాదగా ‘ఎర్తెన్‌సూప్’ అని రాస్తారు గాని, ఇళ్ళలో స్నెర్ట్ అనే అంటారు. ఈ వ్యాసం ఆ సూపు గురించే. వంటల శీర్షికకి పంపవలసినదాన్ని యాత్రల శీర్షికకి ఎందుకు పంపానో చదివితే మీకే తెలుస్తుంది.

ముందు నా సంగతి. మాది బరంపురం. మా తాతగారి రోజుల్లో గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మేము ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారాం. నేను పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగాల మీద నెదర్లాండ్స్ వెళ్ళి పన్నెండేళ్ళయింది. మనవరాలు అక్కడే పుట్టింది. 2023 డిసెంబరులో మూడు నెలల వీసా మీద వెళ్ళాను. “వేసవిలో వస్తే తులిప్ పూలు చూద్దువు గాని అమ్మా” అంది మా అమ్మాయి. నాకు చూడవలసిన పువ్వు మా మనవరాలే కదా అని చలికాలంలోనే బయల్దేరాను.

లైడెన్ చిన్న ఊరు. వీధి ఎంత ఉంటుందో కాలవ అంత ఉంటుంది. వంతెన దాటితే ఇంకో వంతెన. ఇళ్ళన్నీ ఇటుక రంగు, సన్నగా పొడుగ్గా ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. ఊరి నడుమ పెద్ద గాలిమర ఒకటి ఉంది, లోపల మ్యూజియం. బుధ, శనివారాల్లో కాలవ ఒడ్డునే సంత. ఇక్కడి విశ్వవిద్యాలయం 1575 నాటిది. అంతకు ముందు ఏడు ఈ ఊరిని స్పెయిన్ సైన్యం ముట్టడించి ఆకలితో మాడ్చింది. 1574 అక్టోబరు 3న ముట్టడి వీడింది. ఇప్పటికీ ఆ రోజున ఊరంతా హెరింగ్ చేప, తెల్లరొట్టె, క్యారెట్టు, ఉల్లి, బంగాళాదుంప కలిపి మెదిపిన కూర తిని పండగ చేసుకుంటారు. ఆకలిని నాలుగున్నర వందల ఏళ్ళు గుర్తుపెట్టుకున్న ఊరు అని అప్పుడే అనుకున్నాను. ఆ మాట ఎంత నిజమో తరవాత తెలిసింది.

ఇంట్లో మాత్రం నాకు వేరే యుద్ధం నడుస్తోంది. మనవరాలికి ఎనిమిదేళ్ళు. మధ్యాహ్నం బడికి రొట్టె మీద వెన్న రాసి, దానిమీద చాక్లెట్ పలుకులు చల్లుకుని తీసుకెళ్తుంది. అక్కడి పిల్లలందరూ అంతేనట. పోనీ, రాత్రికైనా పప్పన్నం తినిపిద్దామని కందిపప్పు మెత్తగా ఉడికించి, నెయ్యిలో జీలకర్ర, ఇంగువ, ఎండుమిర్చి వేసి ఘుమఘుమలాడే పోపు పెట్టేదాన్ని. ఆ పిల్ల ముక్కు పట్టుకునేది. “వాసన, అమ్మమ్మా!” అనేది. తినకపోతే పోయె, వాసన అన్న మాట నాకు గుచ్చుకునేది. “వాసన చూడకుండా, రుచి చూడకుండా వద్దనకూడదమ్మా” అని రోజూ పాఠం చెప్పేదాన్ని. మా అమ్మాయి, “వదిలెయ్యమ్మా, అదే తింటుంది” అనేది. నాకు వదలబుద్ధి కాలేదు. ఈ తరంతో పప్పు కూడా పోతుందా అన్న బెంగ.

జనవరిలో చలి ఒక్కసారి బిగిసింది. కాలవ అంచుల వెంట పల్చగా మంచు పొర కట్టింది. ఆ సాయంత్రం ఇంట్లో నేనూ మనవరాలే ఉన్నాం. బెల్లు మోగింది. తలుపు తీస్తే పక్కింటి పెద్దావిడ. ఎనభై దాటినా నిటారుగా ఉంటుంది, సైకిలు తొక్కుతుంది. చేతుల్లో తువ్వాలు చుట్టిన గిన్నె. చలి వచ్చింది కదా, స్నెర్ట్ చేశాను, ఎక్కువైంది, తీసుకోండి అని ఇంగ్లీషులో చెప్పింది. మూత సందులోంచి పొగచూరిన మాంసం వాసన వచ్చింది. “మాంసం ఉందా?” అన్నాను. “లేకపోతే స్నెర్ట్ ఎలా అవుతుంది?” అంది నవ్వుతూ. నేను రెండు చేతులూ అడ్డం పెట్టి, ఒకడుగు వెనక్కి వేసి, “వద్దు, వద్దు” అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నిలబడింది. “ఓ” అంది. గిన్నెతో వెనక్కి వెళ్ళిపోయింది.

తలుపు వేసి తిరిగేసరికి మనవరాలు నన్నే చూస్తోంది.

“అమ్మమ్మా, నన్నయితే వాసన చూడమంటావు. నువ్వు వాసన కూడా చూడలేదు.”

ఏం జవాబు చెప్పను? మాంసం తినకపోవడంలో తప్పేమీ లేదు. అది మా ఇంటి ఆచారం, నా ఇష్టం. కాని వద్దనడంలో కూడా ఒక తీరుంటుంది. నేను వెనక్కి వేసిన ఆ అడుగు ఆవిడా చూసింది, పిల్లా చూసింది.

ఆ రాత్రి మా మామ్మ గుర్తొచ్చింది. విజయనగరం నుంచి బరంపురానికి కాపురానికి వచ్చిన కొత్తలో, పక్కింటి ఒడియావారు గిన్నెడు దాల్మా పంపారట. గుమ్మడికాయ, అరటికాయ, బొప్పాయికాయ, చేమదుంప అన్నీ పప్పులోనే వేసి ఉడికిస్తారు కదా. “ఇదేం పప్పే, చింతపండు లేదు, ఇన్ని కూరలు!” అని మామ్మ దాన్ని పెరట్లో ఆవుకి పెట్టేసింది. గోడ అవతలనుంచి ఆవిడ చూసింది. రెండేళ్ళు ఆ రెండిళ్ళ మధ్య మాటల్లేవని మా నాన్న నవ్వుతూ చెప్పేవారు. అదే మామ్మ ముసలితనంలో, వారానికోసారి దాల్మా లేకపోతే అన్నం ముట్టేది కాదు. పంచఫుటణ పోపులో సోంపు తగ్గిందని మా అమ్మని కసిరేది కూడా. పోయిన పప్పు కోసం బెంగపడుతున్న నేను, వచ్చిన పప్పు సంగతి మరిచిపోయాను.

మర్నాడు బరంపురం నుంచి తీసుకెళ్ళిన అప్పడాలు పది వేయించి, పళ్ళెంలో పెట్టుకుని పక్కింటి బెల్లు కొట్టాను. నిన్నటికి క్షమించమన్నాను. మేము మాంసం తినమని, గిన్నె మీద మాత్రం కోపం లేదని చెప్పాను. ఆవిడ అప్పడం ఒకటి కొరికి, ఆ చప్పుడుకి తనే నవ్వింది. తరవాత కాఫీ పోసి ఒక సంగతి చెప్పింది.

ఆవిడ ఈ ఊళ్ళోనే 1942లో పుట్టింది. 1944–45 చలికాలంలో జర్మనీ ఆక్రమణలో ఉన్న పశ్చిమ హాలండు పట్టణాలకి తిండి అందలేదు. దాన్ని వాళ్ళు ‘ఆకలి చలికాలం’ అంటారు. దాదాపు ఇరవై వేల మంది పోయారని లెక్క. జనం తులిప్ దుంపలు ఉడకబెట్టుకు తిన్నారు. మా అమ్మాయి వేసవిలో వచ్చి చూడమన్న ఆ పువ్వుల దుంపలే! “నాకప్పుడు రెండేళ్ళు, ఏమీ గుర్తులేదు” అంది ఆవిడ. “కాని మా అమ్మకి గుర్తుంది. యుద్ధం అయిపోయాక మొదటిసారి స్నెర్ట్ వండి, అందులో సాసేజి వేసిన రోజు అమ్మ వంటింట్లో కూచుని ఏడ్చిందట. ఆ తరవాత బతికున్నన్నాళ్ళూ మాంసం లేని స్నెర్ట్ మా ఇంట్లో పొయ్యెక్కలేదు.”

నేను వెనక్కి నెట్టిన గిన్నెలో ఉన్నదేమిటో నాకప్పుడు తెలిసింది.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఆవిడే తేరుకుని, “శనివారం సంతకి వెళ్దాం. మీరు తినేలాగా వండుదాం” అంది. “మీ అమ్మగారు?” అన్నాను. “అమ్మ ఇప్పుడు చూడదు” అంది, కన్నుగీటుతూ.

శనివారం గాలికి చెవులు తెగిపోతున్నా సంత నిండుగా ఉంది. ఆవిడ ఎంచిన సరుకు ఇది: అరకిలో పచ్చ బఠాణీ పప్పు, రెండు క్యారెట్లు, రెండు లీకులు, పెద్ద ఉల్లిపాయ, రెండు బంగాళాదుంపలు, సగం సెలరీ దుంప, ఒక కట్ట సెలరీ ఆకు. లీకు మన ఉల్లికాడకి పెద్దన్న, మణికట్టంత లావుంటుంది. పొరల్లో మట్టి ఉంటుంది గనక చీల్చి కడగాలి. సెలరీ దుంప చూస్తే కందదుంపలా గరుకుగా, వేళ్ళతో, మట్టితో ఉంటుంది. చెక్కు తీస్తే లోపల తెల్లగా మంచి వాసన. సెలరీ మన కొత్తిమీర, వాము, జీలకర్రల కుటుంబమే. అందుకే కాబోలు, అంత కొత్త వాసనలోనూ ఎక్కడో చుట్టరికం తగిలింది.

వంట చాలా సులువు. పప్పు కడిగి, రెండు లీటర్ల చన్నీళ్ళలో వేసి, రెండు బిరియానీ ఆకులు పడేసి పొయ్యి మీద పెట్టడమే. పొట్టు తీసి బద్ద చేసిన పప్పు గనక నానబెట్టక్కరలేదు. పొంగు రాగానే పైన తేలే నురగ గరిటెతో తీసెయ్యాలి. ఆవిడ వంటలో అయితే మాంసం మొదటినుంచీ పప్పుతోబాటు ఉడుకుతుంది, చివర్లో పొగబెట్టిన సాసేజి పడుతుంది. ఆ రోజు ఆ రెండూ మానేసింది. సన్నమంట మీద ముప్పావుగంట ఉడికాక కూరలన్నీ చిన్న ముక్కలు తరిగి వేసింది. ఇంకో అరగంట. ఈలోగా అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. చివర ఉప్పు, మిరియాలపొడి, తరిగిన సెలరీ ఆకు. మెదపక్కరలేదు, పప్పు దానంతటదే కరిగిపోతుంది, ముక్కలు మాత్రం నిలుస్తాయి.

కలుపుతూ కబుర్లు. మా ఊరెక్కడ అని అడిగితే పటం తీయించి, కలకత్తా నుంచి కిందికి వేలు జరిపి చూపించాను. ఇంకా కిందికి జరిపి భీమునిపట్నం, మచిలీపట్నం, పులికాట్ చూపించి, మీ వాళ్ళు 1600ల మొదట్లోనే మా తీరానికి వచ్చారు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి అన్నాను. హాలండువారిని మన పెద్దలు ‘వలందులు’ అనేవారు. మచిలీపట్నంలో వలందపాలెం ఆ పేరుతోనే ఉంది. “ఎందుకొచ్చారు?” అంది. “అద్దకం బట్టల కోసం” అన్నాను. “సిట్స్!” అని ఆవిడ ముఖం వెలిగింది. పూల అద్దకం బట్టని వాళ్ళు అలా అంటారు, మన చీటీబట్ట అన్నమాటే. పాతకాలపు పెట్టెల్లో దాచుకునేవారట.

మంచు గట్టిపడితే కాలవల మీద స్కేటింగ్ చేస్తారనీ, ఆ మంచు ఒడ్డున పెట్టే అంగళ్ళలో వేడివేడి స్నెర్ట్ అమ్ముతారనీ చెప్పింది. ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో పదకొండు ఊళ్ళని చుట్టే దాదాపు 200 కిలోమీటర్ల స్కేటింగ్ యాత్ర ఉంది. దారి పొడుగునా పదిహేను సెంటీమీటర్ల మందాన మంచు కడితేనే జరుపుతారు. 1963 యాత్రలో అయితే చలిగాలికి తట్టుకోలేక జనం దారిలోనే ఆగిపోయారు. పందెంగా కాక సరదాగా బయల్దేరిన తొమ్మిది వేల పైచిలుకు మందిలో గమ్యం చేరినవారు 69 మందే. చివరిసారి జరిగింది 1997 జనవరి 4న. గెలిచినాయన క్యాబేజీ మొగ్గలు పండించే రైతు. మళ్ళీ ఆ మంచు రాలేదు. “సూపు మిగిలింది, మంచు పోయింది” అంది ఆవిడ. ఆ రోజు ఆవిడ చెప్పినవాటిలో నాకు బాగా గుర్తున్న మాట అదే.

దించాక రుచి చూడబోతే ఆపింది. “ఈ వేళ కాదు, రేపు.” మన పులుసు మర్నాటికి బాగుంటుంది చూశారూ, ఇదీ అంతేనట. ఆదివారం మేము నలుగురం వాళ్ళింటికి వెళ్ళాం. రాత్రికి రాత్రి సూపు ముద్దపప్పులా బిగిసింది. మళ్ళీ వేడిచేసి, గిన్నె మధ్యలో చెంచా గుచ్చి వదిలింది. చెంచా నిలబడింది. అలా నిలబడితేనే స్నెర్ట్, లేకపోతే వట్టి సూపు. పక్కన నల్లటి రై రొట్టె, దానిమీద ఆవపిండి ముద్ద, జున్ను.

అబద్ధం ఎందుకు, నా చేతిసంచిలో ఇంగువ డబ్బా, జీలకర్ర పొట్లం, రెండు ఎండుమిరపకాయలు ఉన్నాయి. తీసుకునే వెళ్ళాను. ఒక్క చెంచాడు నెయ్యి కాచి పోపు పెడితే ఈ సూపు ఎక్కడికో వెళ్ళిపోతుందని నా చెయ్యి లాగుతోంది. అంతలో ఆవిడ నా గిన్నె కేసి చూస్తోందని గమనించాను. జీవితంలో మొదటిసారి వాళ్ళమ్మ సాసేజి లేకుండా వండింది. సంచీ జిప్పు మూసేసి చెంచా ఎత్తాను.

కారం లేదు, పులుపు లేదు. మొదటి చెంచాకి నాలిక వెతుక్కుంది. రెండో చెంచాకి క్యారెట్టు తీపి తెలిసింది, మూడోదానికి ఆ దుంప వాసన. నాలుగోదానికి, బయట కిటికీ అద్దం మీద చలి కొడుతుంటే కడుపులో వెచ్చగా ఏదో కూచున్నట్టయింది. పప్పు అంటే ఇదే కదా, పోపు లేకుండానూ ఇది పప్పే కదా అనిపించింది. మనవరాలు ముక్కు పట్టుకోకుండా ఆరు చెంచాలు తిని గిన్నె పక్కకి జరిపింది. నా చెవిలో తెలుగులో, “దీనికంటే నీ పప్పే నయం అమ్మమ్మా” అంది. నవ్వాపుకోలేక నాకు పొలమారింది. ఆవిడ ఏమిటని అడిగితే, బాగుందంటోంది అన్నాను. అదొక్కటే ఆ రోజు నేను చెప్పిన అబద్ధం.

ఆ తరవాత ఆ పిల్ల రోజూ పప్పన్నం తిన్నదని రాస్తే కథ బాగుంటుంది గాని, అలా జరగలేదు. వారంలో రెండు రోజులు తినేది. నేను పాఠం చెప్పడం మానేశాను. అదీ మార్పు.

ఫిబ్రవరి చివర్లో తిరిగి వచ్చాను. బరంపురం బజారులో పచ్చ బఠాణీ పప్పు కోసం వెతికితే అంగడివాడు పసుపుపచ్చది చూపించాడు. మన ఘుగుని బఠాణీ ఈ జాతే, ముఢిలో వేసుకుని చిన్నప్పటినుంచీ తింటున్నదే. గింజ పసుపు, ఆకుపచ్చ అన్న తేడా పట్టుకునే కదా, మెండెల్ బఠాణీ మొక్కలు పెంచి వంశలక్షణాల సూత్రాలు కనిపెట్టింది! మరుగునపడ్డ ఆ సూత్రాలని 1900లో మళ్ళీ వెలికితీసిన ముగ్గురిలో ఒకరైన హ్యూగో డి వ్రీస్ లైడెన్‌లో చదువుకున్నవాడేనని మా అల్లుడు చెప్పాడు. మన దేశానికి ఈ బఠాణీ చాలా వరకు కెనడా, రష్యాల నుంచి ఓడల్లో వస్తోంది. 2017 నవంబరులో మన ప్రభుత్వం దీనిమీద యాభై శాతం సుంకం వేసింది. నేను విమానమెక్కిన ఆ 2023 డిసెంబరులోనే సుంకం ఎత్తేసింది. మన వీధి చివర బండి మీది ఘుగుని కూడా సముద్రాలు దాటి వచ్చిందేనన్నమాట.

మీరు చేసుకోదలిస్తే పసుపు బఠాణీ పప్పుతో నిక్షేపంగా వస్తుంది. లీకుకి బదులు ఉల్లికాడలు, సెలరీ దుంపకి బదులు చిన్న ముల్లంగి ముక్క, సెలరీ ఆకుకి బదులు కొత్తిమీర కాడలు, రెండు వాము ఆకులు. కొలతలు పైన చెప్పినవే, నలుగురైదుగురికి రెండు పూటలా సరిపోతుంది. కుక్కర్లో పెట్టకండి, కలిపే పని పోతుంది, కలుపుతూ చెప్పుకునే కబుర్లూ పోతాయి. ఒకరోజు ముందే వండండి.

మొన్న కార్తీకంలో మా తమ్ముడు భోజనానికి వస్తే ఇదే పెట్టాను. చెంచా గుచ్చి నిలబెట్టి చూపించాను. వాడు ఒక ముద్ద తిని నా ముఖంలోకి చూశాడు.

“పప్పు బాగుందే అక్కా. పోపు మరిచిపోయావేమిటి?”

“మరిచిపోలేదురా” అన్నాను.